విశాఖ పొగకు పద్దు రాసిన పద్నాలుగు నెలలు

మా నాన్న స్టీలు ప్లాంటులో బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. రాష్ట్రం ఏటా ఎంత హరితగృహ వాయువు వదులుతోందో, 2047 నాటికి ఎంత వదులుతుందో లెక్క కట్టే పనిలో చేరానని చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట: "అయితే చిమ్నీలు ఎక్కి కొలుస్తారా అమ్మా?"

ఒక్క చిమ్నీ కూడా ఎక్కలేదు. 2024 ఆగస్టు నుంచి 2025 అక్టోబరు దాకా ఎంవీపీ కాలనీలో ఒక మేడమీద గదిలో నలుగురం కూర్చుని పద్దులు రాశాం. బొగ్గు ఎంత కాలింది, డీజిల్ ఎంత అమ్ముడుపోయింది, గేదెలు ఎన్ని ఉన్నాయి, వరి మడిలో నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, ఊరి చెత్త ఎక్కడ పోశారు. ప్రతిదానికీ ఒక ఉద్గార గుణకం ఉంటుంది, అంటే ఒక్కోదాని నుంచి ఎంత వాయువు వెలువడుతుందో చెప్పే అంకె. రెంటినీ గుణిస్తే టన్నులు వస్తాయి. పని మొత్తం ఇంతేనా అని మొదటి రోజే అనుకున్నాను. మా బృందానికి పెద్దదిక్కు అయిన మేడమ్ నా ముఖం చూసి కనిపెట్టినట్టున్నారు. "గుణకారం అయిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. మనకు జీతం ఇచ్చేది గీతలు గీసినందుకు" అన్నారు. ఏ గీతలో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాకు మొదట అప్పగించింది బొగ్గు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం, ఒక్కొక్కటి 500 మెగావాట్ల నాలుగు యూనిట్లు. పెదగంట్యాడ మండలం పాలవలస దగ్గర 1,040 మెగావాట్ల ప్రైవేటు కేంద్రం. ఏ కేంద్రం ఎంత బొగ్గు కాల్చిందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రచురించే లెక్కల్లో దొరుకుతుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు తెరిచి, బిట్యుమినస్ బొగ్గు అన్న వరుస పట్టుకున్నాను. టన్నుకు 25.8 గిగాజౌళ్ల వేడి, గిగాజౌలుకు 94.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని ఉంది. గుణిస్తే టన్ను బొగ్గుకు 2.44 టన్నుల వాయువు తేలింది. టన్ను బొగ్గు కాలిస్తే రెండు టన్నులకు పైగా వాయువు ఎలా వస్తుందని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతారు. బొగ్గులోని కార్బన్ ఒంటరిగా పోదు, గాలిలోని ఆక్సిజన్‌ను వెంటబెట్టుకుని పోతుంది. 12 పాళ్ల కార్బన్ 44 పాళ్ల వాయువవుతుంది.

సాయంత్రం మేడమ్ నా కాగితం చూసి ఒకటే అడిగారు. "ఈ బొగ్గు ఎక్కడిది?"

"ఒడిశా నుంచి, తాల్చేరు గనులది."

"తాల్చేరు బొగ్గు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? నూటికి నలభై పాళ్లు బూడిదే. మీరు వేసిన వేడి ఏ దేశపు బొగ్గుది?"

మన బొగ్గుకు మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికల్లో వాడిన అంకెలు వేరే ఉన్నాయి. కోకింగుకు పనికిరాని బొగ్గుకు టన్నుకు 19.63 గిగాజౌళ్లు, గిగాజౌలుకు 95.81 కిలోలు. ఆ లెక్కన టన్నుకు 1.88 టన్నుల వాయువే. అంటే ఒక్క మధ్యాహ్నంలో సింహాద్రి మీద నేను దాదాపు మూడో వంతు అదనపు నేరం మోపాను. ఆ కేంద్రం నూటికి 70 పాళ్ల సామర్థ్యంతో ఏడాది నడిస్తే 1,226 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు సుమారు 0.95 కిలోలు వేసుకున్నా కోటి టన్నులు దాటే వాయువు. దాని మీద మూడో వంతు పొరపాటంటే ముప్పై లక్షల టన్నులకు పైగా పొగను ఊరికే కలిపేయడం. గుణకాల పట్టికలో "ఏదీ దొరక్కపోతే ఇది వాడండి" అని ఇచ్చిన అంకెను చూస్తే అప్పటి నుంచి నాకు అనుమానమే.

గీతల సంగతి ఆ తర్వాతి వారం తెలిసింది.

మా పద్దు 2005 నుంచి మొదలవ్వాలి. ఉద్గారాల తీవ్రతను, అంటే జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే వాయువును, 2030 నాటికి నూటికి 45 పాళ్లు తగ్గిస్తామని దేశం ఇచ్చిన మాటకు ఆధార సంవత్సరం అదే. కానీ 2005లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా. 2014 జూన్ 2కు ముందు అచ్చయిన ఏ పుస్తకం తీసినా రెండూ కలిసే ఉంటాయి. థర్మల్ కేంద్రాలను విడదీయడం తేలిక, ఏది ఎక్కడ ఉందో అందరికీ తెలుసు. కరెంటును విడదీయడం తేలిక కాదు. విభజన సమయంలో ఉత్పత్తిని ఆంధ్రప్రదేశ్‌కు 46.11, తెలంగాణకు 53.89 పాళ్లుగా పంచారు. పొగ పరవాడలో వెలువడుతుంది, దాంతో వెలిగే దీపాల్లో కొన్ని వరంగల్‌లో, కొన్ని చెన్నైలో ఉంటాయి. ఇది ఎవరి పద్దు? మేం రెండు పుస్తకాలు పెట్టుకున్నాం. పొగ ఎక్కడ లేచిందో ఒకటి, కరెంటు ఎవరు వాడుకున్నారో మరొకటి. రెండూ నిజమే, రెంటినీ కలిపి కూడితే మాత్రం ఒకే పొగ రెండుసార్లు లేస్తుంది. ఈ కూడిక తప్పు నేను పెద్ద పెద్ద నివేదికల్లో కూడా చూశాను.

జిల్లా లెక్కకు వచ్చేసరికి మరీ తమాషా. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడయింది. పరవాడ అనకాపల్లి జిల్లాలోకి పోయింది, దాంతోపాటు సింహాద్రి కూడా. పాడేరు, అరకు అడవులు అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయాయి. పదకొండు మండలాల విశాఖకు స్టీలు ప్లాంటు, రిఫైనరీ, పోర్టు, పాలవలస మిగిలాయి. ఒక్క రాత్రిలో జిల్లా ఒక పెద్ద థర్మల్ కేంద్రాన్ని వదిలించుకుంది, కార్బన్ పీల్చే అడవినీ పోగొట్టుకుంది. గ్రాఫు గీస్తే 2022 దగ్గర నిట్టనిలువు దిగుడు. ఆ బొమ్మ పక్కన వివరణ లేకుండా బయటికి పోయి ఉంటే "విశాఖలో భారీగా తగ్గిన ఉద్గారాలు" అని శీర్షిక పెట్టడం ఎంతసేపు! పోనీ నగరపాలక సంస్థ హద్దులో చేద్దామంటే, అనకాపల్లి పట్టణం 2013 నుంచి జీవీఎంసీలోనే ఉంది, జిల్లా మాత్రం వేరు. చివరికి 2005 నుంచి అన్నీ పాత జిల్లా హద్దుతో ఒకసారి, కొత్త హద్దులతో ఒకసారి తిరగరాశాం. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో వాతావరణం గురించి ఒక్క ముక్క కూడా చదవలేదు, మండలాల జాబితాలు తప్ప.

స్టీలు ప్లాంటు పద్దులో నా తప్పు పట్టుకున్నది నాన్న.

ఒక ఆదివారం కూర్మన్నపాలెంలో ఇంట్లో భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. కొలిమిలో వాడే కోక్‌ను పరిశ్రమల ప్రక్రియల కింద రాశాను. ప్లాంటు సొంత పవర్ ప్లాంటులో కాలే గ్యాసును ఇంధనాల కింద రాశాను. పద్ధతిగానే ఉందనుకున్నాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని వెనక నిలబడి చూస్తున్నారు.

"ఈ గ్యాసు ఎక్కడిది?"

"బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు నాన్నా."

ఆయన గోడ క్యాలెండరులో గడిచిపోయిన నెల కాగితం చింపి వెనకవైపు బొమ్మ వేశారు. కోక్ ఓవెన్ల వరుస, కొలిమి, దాని నెత్తిన గొట్టం, గొట్టం చివర పవర్ ప్లాంటు. "కోక్ కొలిమిలో పడుతుంది. ముడిఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని గ్యాసుగా పైకి లేస్తుంది. దాన్ని ఊరికే గాలికి వదిలేస్తారనుకున్నావా? పైపుల్లో పట్టి పవర్ ప్లాంటుకు పంపుతారు. అక్కడ కాలేది నువ్వు ఇక్కడ రాసిన కోకే. ఒకే బొగ్గును రెండుసార్లు కాల్చావమ్మా."

ఐపీసీసీ పుస్తకం ఈ సంగతి చెబుతూనే ఉంది, ఒక పేజీ మధ్యలో, నేను చదివి దాటేసిన పేరాలో. క్యాలెండరు కాగితం మీద చూస్తే గానీ తలకెక్కలేదు. ఆ వరుస కొట్టేశాను. కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఆ రోజే ఇంకో మాట వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటేనే హరితం, 2 నుంచి 2.2 మధ్య మూడు నక్షత్రాలు, 1.6 లోపైతే అయిదు. "మా ప్లాంటుకు ఎన్ని?" అని నాన్న అడిగారు, కొడుక్కి పదో తరగతిలో ఎన్ని మార్కులొచ్చాయని అడిగినట్టు. కోక్‌తో నడిచే కొలిమికి ప్రపంచంలో ఎక్కడైనా ఆ గీత దాటడం కష్టమేనని నీళ్లు నమిలాను. కోక్‌ను నీళ్లతో కాకుండా నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో ఆవిరి తీసే పద్ధతిని పూర్తిగా అమలు చేసింది దేశంలో ముందు తామేనని ఆయన గుర్తుచేశారు. నిజమే. దానికి నక్షత్రాల పట్టికలో విడిగా గడి లేదు.

డీజిల్ విషయంలో చిక్కు వేరే రకం. రాష్ట్రాల వారీగా పెట్రోలియం అమ్మకాల లెక్క కేంద్రం వద్ద ఉంటుంది, నెలనెలా వస్తుంది, అంకెలు శుభ్రంగా ఉంటాయి. లీటరు డీజిల్‌కు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇంధనం ఎక్కడ అమ్మితే అక్కడే పద్దు రాయాలన్నది నియమం. గాజువాక ఆటోనగర్‌లో టీ తాగుతూ ఒక లారీ డ్రైవరుతో మాట కలిపాను. కోల్‌కతా దారిలో వెళ్లేటప్పుడు ఎక్కడ డీజిల్ కొట్టిస్తారని అడిగితే నవ్వాడు. "ఇచ్ఛాపురం దాటేదాకా సరిపడా పోయించుకుంటాం. ట్యాంకు నింపేది ఒడిశాలోనే. లీటరు మీద మిగిలేది చిన్నదే గానీ ట్యాంకుకు చూసుకుంటే ఒక పూట భోజనం." తిరుగు ప్రయాణంలో ఆ డీజిల్ శ్రీకాకుళం, విజయనగరం మీదుగా విశాఖ దాకా కాలుతూ వస్తుంది, పద్దు మాత్రం ఒడిశాది. కర్ణాటక సరిహద్దులోనూ, యానాం దగ్గరా ఇదే కథ. అంటే మన పన్ను ఎక్కువైన కొద్దీ మన ఉద్గారాలు కాగితం మీద తగ్గుతాయి. దీన్ని సరిదిద్దే అంకె మా దగ్గర లేదు. నియమం ప్రకారమే రాసి, కింద గమనిక పెట్టాం. పోర్టులో విదేశీ నౌకలు నింపుకునే ఇంధనం రాష్ట్రం మొత్తంలో చేరదు, దాన్ని పక్కన విడిగా చూపాలి. నౌకాదళం ఎంత కాలుస్తుందో అడిగేంత అమాయకులం మాలో ఎవరూ లేరు.

పశువుల పద్దు కోసం పద్మనాభం మండలంలో ఒక ఊరికి వెళ్లాను. మార్గదర్శకాల్లో భారత ఉపఖండపు గేదెకు ఏడాదికి 55 కిలోల మీథేన్, పాడి ఆవుకు 58, మిగతా ఆవులు, ఎద్దులకు 27. అక్కడి పశువైద్య సహాయకుడు నా పట్టిక చూశాడు. "పాలిచ్చేది, చూడిది, వట్టిపోయినది, పెయ్యదూడ, అన్నిటికీ 55 కిలోలేనా మేడమ్?" అన్నాడు. పాలిచ్చే గేదెకు పచ్చగడ్డి, తవుడు, చెక్క పెడతారు. వట్టిపోయినదానికి ఎండుగడ్డి వేసి వదిలేస్తారు. గడ్డి ఎంత ముతకదైతే తిన్న మేతలో అంత ఎక్కువ భాగం మీథేన్‌గా పోతుంది, కానీ అది తినేదే తక్కువ. అతను చెప్పిన వివరాలతో వయసు, ఈత, మేత వారీగా విడదీసి లెక్క కట్టాం. తల లెక్క మాత్రం 2019 పశుగణనదే. 2024 అక్టోబరులో మొదలైన కొత్త గణన అప్పటికి ఇంకా ఊళ్లలో సాగుతోంది.

మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చేటప్పుడు మరో గీత ఎదురైంది. వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన కిలో మీథేన్ ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం? పాత నివేదికల్లో 21. ఆ తర్వాత ఐపీసీసీ 25 అంది, అయిదో నివేదికలో 28. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఎనిమిది అంటే సరిగ్గా మూడో వంతు పెరుగుదల. ఊళ్లో ఒక్క గేదె పెరగకుండా, ఒక్క గడ్డిపరక ఎక్కువ తినకుండా, పశువుల ఉద్గారాలు మూడో వంతు పెరిగిపోతాయి. నైట్రస్ ఆక్సైడ్ దీనికి ఎదురు. అది 310 నుంచి 265కు దిగింది, యూరియా వాడిన రైతు ఏ పుణ్యం చేయకుండానే కొంత పాపం పోగొట్టుకున్నాడు. పాత నివేదికల అంకెలను కొత్తవాటి పక్కన పెట్టి "ఇంత పెరిగింది" అని రాసినవారు ఈ సంగతి చూశారో లేదో నాకు అనుమానమే. మేం 2005 నుంచి అన్నిటినీ 28తోనే తిరిగి లెక్క కట్టాం.

గేదెను స్కూటర్లతో పోల్చే సరదా ఒకటి మా గదిలో నడిచింది. 55 కిలోలను 28తో గుణిస్తే 1,540 కిలోలు. నెలకు పది లీటర్ల పెట్రోలు తాగే స్కూటరు ఏడాదికి 270 కిలోల చిల్లర. అంటే ఒక గేదె అయిదారు స్కూటర్లకు సమానం. ఈ పోలిక నివేదికలో పెడదామని ఒకరన్నారు, నేను అడ్డుపడ్డాను. మీథేన్ గాలిలో పన్నెండేళ్లు ఉండి పోతుంది. పెట్రోలు పొగలో కొంత భాగం శతాబ్దాలు దాటి ఉంటుంది. పైగా పద్మనాభంలో ఆ గేదె ఒక కుటుంబానికి ఏటీఎం.

వరి గురించి ఒక్క మాటలో చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ మాకు అన్నిటికంటే తక్కువ తెలుసు. పంటకాలమంతా నీళ్లు నిలిచిన మడి హెక్టారుకు 162 కిలోల మీథేన్ వదులుతుంది. మధ్యలో ఒకసారి ఆరనిస్తే 66, పలుమార్లు ఆరనిస్తే 18. మడి అదే, వరి అదే, తేడా తొమ్మిది రెట్లు. గోదావరి డెల్టాలో ఎంత భూమి ఏ గడిలో పడుతుంది? ఏ రిజిస్టరులోనూ లేదు. రబీ పంట దాళ్వాలో నీళ్లు తక్కువైన ఏళ్లలో కాలువలకు వంతులవారీగా వదులుతారు, ఆ ఏళ్లలో మడి దానంతటదే ఆరుతుంది. వంతుల విధానం అమలైన సంవత్సరాలను పట్టుకుని ఒక అంచనా వేశాం. అంచనా అని పెద్దక్షరాల్లో రాశాం.

కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు వెళ్లిన రోజు మాత్రం మరచిపోలేను. ముక్కుకు చున్నీ కట్టుకున్నా వాసన కళ్లలోంచి దూరినట్టు ఉంది. అక్కడ చెత్తతో కరెంటు తయారుచేసే 15 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. కొత్త చెత్తలో కొంత అటు పోతుంది. మా లెక్కకు కావలసింది పాత కుప్ప. చెత్త పోసిన ఏడాదే మీథేన్ అంతా రాదు, కుళ్లుతూ ఏళ్ల తరబడి వదులుతుంది. ఈ ఏడాది పద్దు రాయాలంటే పదిహేను, ఇరవై ఏళ్ల నాటి చెత్త తెలియాలి. కుప్ప ఎత్తు అయిదు మీటర్లు దాటితే మీథేన్ గుణకం 0.8, దాటకపోతే 0.4. పాత పటాలు లేవు. అక్కడ చాలాకాలంగా లారీ తోలే ఒకాయన చెయ్యి పైకెత్తి "అప్పట్లో తాటిచెట్టులో సగం" అన్నాడు. దాన్ని అయిదు మీటర్లకు పైమాటే అని రాసుకున్నాం.

మరీ ఇబ్బంది పెట్టింది వర్షం. ఐపీసీసీ ప్రకారం ఉష్ణమండలంలో ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడితే తడి ప్రాంతం, తక్కువైతే పొడి ప్రాంతం. తడి ప్రాంతంలో వంటింటి చెత్త సగం కుళ్లడానికి రెండేళ్లు చాలు, పొడి ప్రాంతంలో ఎనిమిదేళ్లు. విశాఖ వాన ఒక ఏడు ఆ గీతకు ఇటు, ఒక ఏడు అటు. ఎండాకాలం చెమటకు తడిసి ముద్దయిన ఈ ఊరిని పొడి ప్రాంతం అని రాయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు. దీర్ఘకాలపు సగటు చూసి తడి ప్రాంతంగానే రాశాం.

అడవుల పద్దు నాది కాదు, కాబట్టి దూరం నుంచి చూసిందే చెబుతాను. అటవీ సర్వే సంస్థ నిర్వచనంలో హెక్టారు లేదా అంతకు మించిన భూమిలో నూటికి పది పాళ్లు, ఆపైన చెట్ల నీడ ఉంటే అది అటవీ విస్తీర్ణమే, ఎవరి సొంతమైనా సరే. జీడిమామిడి తోట, సరుగుడు తోట కూడా అందులోకి వస్తాయి. సరుగుడు నరికిన ఏడు అడవి తగ్గుతుంది, మొక్కలు ఎదిగాక మళ్లీ పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కూల్చిన చెట్లను ఏ ఏడు పద్దులో ఎంత రాయాలన్న దాని మీద మా గదిలో రెండు రోజులు వాదన జరిగింది. పడిన చెట్టు పడినరోజే గాలిలో కలవదు, కొంత పొయ్యిలోకి పోతుంది, కొంత తలుపు చెక్కవుతుంది.

ఇక రాబోయే కాలం.

అంచనాలకు లీప్ అనే సాఫ్ట్‌వేర్ వాడాం. ముందు దానికి పరీక్ష పెట్టాం. 2005 నుంచి 2014 దాకా అంకెలు మాత్రమే ఇచ్చి 2019 చెప్పమన్నాం. తప్పింది, అదీ ఎక్కువ వైపు. హుద్‌హుద్ తర్వాత విశాఖ వీధి దీపాలన్నీ ఎల్ఈడీలవుతాయని, సోలార్ కరెంటు అంత చవకవుతుందని 2014 నాటి అంకెలకు ఎలా తెలుస్తుంది? 2020 జోలికి పోనేలేదు. ఆ ఏడు లాక్‌డౌన్ల వల్ల, అడవులు పీల్చుకున్నది పోను, దేశం మొత్తం ఉద్గారాలే 2019 కంటే 7.93 శాతం తగ్గాయి. దాన్ని చూసి నేర్చుకున్న మోడల్ ఏటా ఒక మహమ్మారిని ఆశిస్తుంది.

తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం వచ్చింది, అందులో ఏటా 15 శాతం వృద్ధి లక్ష్యం. అదే అంకెను మోడల్‌లో పెట్టేశాను. పదిహేను శాతం చొప్పున 22 ఏళ్లు పెరిగితే 21 రెట్లకు పైనే. 2019లో దేశం మొత్తం వదిలింది సుమారు 313 కోట్ల టన్నులు. నా మోడల్ ప్రకారం 2047లో ఆంధ్రప్రదేశ్ ఒక్కటే దాన్ని దాటేస్తోంది. మేడమ్ తిట్టలేదు. "ఈ పదిహేనులో ధరల పెరుగుదల ఎంత?" అని మాత్రం అడిగారు. ఆ వృద్ధి అప్పటి ధరల లెక్కలోది. టమాటా ధర రెట్టింపైతే రాష్ట్ర ఆదాయం పెరిగినట్టు కనబడుతుంది, దానికోసం ఎవరూ అదనంగా బొగ్గు కాల్చరు. ధరలు తీసేసి, సేవల రంగాన్ని విడదీసి, పరిశ్రమలను ఉక్కు, సిమెంటు, రసాయనాలుగా టన్నుల్లో పెట్టాక గానీ అంకెలు నేల మీదికి దిగలేదు. జనాభాకు ఇప్పటికీ ఆధారం 2011 జనగణనే.

రాష్ట్రాల ఉద్గారాలు సాఫీగా పెరిగే గీతలా ఉండవని నాకు అప్పుడు అర్థమయింది. దేశం స్థాయిలో ఒక కొలిమి కనబడదు, ఇక్కడ ఒక్క కొలిమి వెలిగితే గ్రాఫు మెట్టెక్కుతుంది. అనకాపల్లి జిల్లా తీరాన్నే చూడండి. పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. అదే తీరంలో నక్కపల్లి దగ్గర భారీ ఉక్కు కర్మాగారం ప్రతిపాదన అప్పటికి ఉంది. ఒకటి గీతను కిందికి లాగుతుంది, మరొకటి పైకి. ఏది ముందు మొదలవుతుందన్న దాన్ని బట్టి మా 2035 అంకె మారిపోతుంది. శంకుస్థాపన తేదీలు పత్రికల్లో దొరుకుతాయి, ఉత్పత్తి మొదలయ్యే తేదీలు ఎవరూ చెప్పరు. అందుకే ఒక అంకె ఇవ్వలేదు. ఇలాగే సాగితే ఇంత, ప్రకటించినవన్నీ సమయానికి జరిగితే ఇంత, సగమే జరిగితే ఇంత అని మూడు గీతలు ఇచ్చాం. ముసాయిదా చూసిన ఒక అధికారి చాలాసేపు విని, పెన్ను తీసి, "సరే, నేను ఏది రాసుకోను?" అన్నారు. మధ్య గీత అంకె రాసుకుని వెళ్లారు.

2024-25 గడి నింపిన సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ ఏడు స్టీలు ప్లాంటులో కొలిములన్నీ నడవలేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు కొలిములకు పేర్లు. 2024 సెప్టెంబరులో ఒక్కటే నడిచిన రోజులున్నాయి. కోక్ తగ్గింది, గ్యాసు తగ్గింది, జిల్లా మొత్తం కిందికి దిగింది. ఈసారి హద్దు మారలేదు, గుణకం మారలేదు, నిజంగానే తగ్గింది. తెర మీద గడి దానంతటదే ఆకుపచ్చగా మారింది. తగ్గితే ఆకుపచ్చ, పెరిగితే ఎరుపు వచ్చేట్టు మేమే పెట్టుకున్నాం.

నాన్న వచ్చి చూశారు. "పచ్చగా ఉందేం?"

"తగ్గింది నాన్నా."

ఆయన ఏమీ అనలేదు. ఆ నెలల్లో జీతాలు ఆలస్యమైన తన పాత సహోద్యోగుల గురించి నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, డాబా మీదికి వెళ్లిపోయారు. మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే ఆ రంగుల ఏర్పాటు తీసేశాను. మేడమ్ ఎందుకని అడగలేదు.

2025 జూన్ చివరికి మూడో కొలిమి కూడా మళ్లీ వెలిగింది. మా తర్వాతి ఏడాది గడి పెరుగుతుందన్నమాట.

అక్టోబరు రెండో వారానికి అంచనాలు ముగించి, ముద్రణకు పంపే ఫైలు సిద్ధం చేశాం. 14వ తేదీన విశాఖలో గూగుల్ ఏఐ హబ్ ప్రకటన వచ్చింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. మా గదిలో సంబరం కంటే ముందు కాలిక్యులేటరు బయటికి వచ్చింది. ఒక గిగావాట్ ఏడాది పొడవునా లాగితే 876 కోట్ల యూనిట్లు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోలు అనుకుంటే 61 లక్షల టన్నులు. అంతా సౌర, పవన విద్యుత్తే అయితే దాదాపు సున్నా. రాత్రిపూట గాలి పడిపోయినప్పుడు ఏ కరెంటు వాడతారన్న దాన్ని బట్టి మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. ఫైలు మళ్లీ తెరిచాం. డేటా సెంటర్లు అని కొత్త వరుస చేర్చి, మూడు గీతలకూ మూడు గడులు పెట్టాం. మొదటి రెండు నింపి, మూడోదాని గురించి వాదిస్తుండగా ఫోను మోగింది.

నాన్న. జూన్ నుంచి ఇదొక అలవాటయింది ఆయనకు. సాయంత్రం డాబా ఎక్కి ప్లాంటు వైపు చూసి, నాకు ఫోను చేస్తారు.

"మూడూ నడుస్తున్నాయమ్మా. రాసుకో."